బెల్లం ముందు, డీజిల్ తర్వాత

పదిహేను లీటర్ల డీజిల్ తీసుకెళ్ళి ఒక కరివేపాకు చెట్టు మొదట్లో ఒలకబోసిన ఘనుణ్ణి నేను. మన దేశం కాదు, మన చెట్టూ కాదు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతే గానీ, మొన్న మా చెల్లి నలుగురిలో బయటపెట్టేసి నవ్వించింది కాబట్టి ఇహ దాచి లాభం లేదు.

2019లో ఒక ప్రాజెక్టు పని మీద ఎనిమిది నెలలు యాంగోన్‌లో ఉన్నాను. మా ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు దాన్ని "రంగం" అనేవారు. "ఎక్కడికెళ్ళాడ్రా?" అంటే "రంగం వెళ్ళాడు", అంతే. మళ్ళీ ప్రశ్నలుండేవి కావు. 1931 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసిన వాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమందంటే, కోరంగి రేవు పేరు మీద "కురింగీ" అనే మాటే పుట్టింది. నేను మాత్రం కూలీగా కాకుండా లాప్‌టాప్ బ్యాగుతో దిగాను. చేసిన నిర్వాకం పైన చెప్పాను కదా.

కంపెనీ వాళ్ళిచ్చిన హోటల్ వద్దనుకుని లమ్మడాలో, పధ్నాలుగో వీధిలో ఇల్లు తీసుకున్నాను. (మ్యాపుల్లో లన్మడా అని ఉంటుంది, అక్కడివాళ్ళ నోట్లో మాత్రం లమ్మడా.) ఒక పక్క చైనాటౌన్, ఇంకో పక్క నది ఒడ్డున జెట్టీలు. ఆరేసి అంతస్తుల ఇరుకు భవనాలు, లిఫ్టులు లేవు. అందుకని ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది, దాని చివర ఒక క్లిప్పు. పేపరువాడు పేపరు తగిలిస్తాడు, టిఫినువాడు పొట్లం తగిలిస్తాడు, మనం పైనుంచి చేదుకోవాలి. నూతిలోంచి నీళ్ళు తోడినట్టు ఇడ్లీలు తోడుకోవడం నాకు భలే నచ్చింది.

భవనాల వెనకవైపు సంగతి వేరు. రెండు వరసల ఇళ్ళ మధ్యా ఒక సన్నటి సందుంటుంది, బ్రిటిష్ వాళ్ళ ప్లానులో మురుగు కోసం వదిలినది. జనం కిటికీల్లోంచి చెత్త విసిరీ విసిరీ వాటిని ఎలుకల రాజ్యాలు చేసేశారు. మా సందు మాత్రం శుభ్రం. కారణం కింద అంతస్తులో ఉండే మామ్మగారు. బర్మాకి స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే పుట్టారావిడ. కాకినాడ కూడా చూడలేదు. కానీ మాట్లాడితే మా అమ్మమ్మ లేచొచ్చినట్టుండేది. సందులో సిమెంటు పగిలిన చోట ఒక రెండు మీటర్ల పొడుగు మట్టి చారని మడి చేసి, అందులో గోంగూరా మిరపా వేశారు. గోంగూర మన సొత్తని గొప్పలు పోతాం గానీ, బర్మావాళ్ళు "చిన్‌బావ్" అని దాన్ని మనకి తీసిపోకుండా తింటారు. మడి చివర కరివేపాకు చెట్టు, వాళ్ళాయన నాటినది. ఆయన పోయి అప్పటికి పదేళ్ళు.

ఆ వేసవిలో కరెంటు కోతలు మొదలయ్యాయి. క్లయింటుతో రాత్రి కాల్స్ కాబట్టి సందులో ఒక చిన్న జనరేటర్ పెట్టించుకున్నాను. మే మొదటివారంలో ఒక రాత్రి, కాల్‌కి పది నిమిషాలుందనగా కరెంటు పోయింది. పరిగెత్తుకుంటూ దిగి, చీకట్లో ఇరవై లీటర్ల క్యాను ఎత్తి పోయబోయాను. చెయ్యి జారింది. క్యాను లేపే తీరిక లేకుండా కాల్... నిజం చెప్పాలంటే తీరిక ఉంది, ముందు జనరేటర్ స్టార్ట్ చేశాను. తిరిగి చూసేసరికి క్యానులో అడుగున కొంచెం మిగిలింది. సగం డ్రైనులోకి పోయుంటుంది. మిగతా సగం మడిలో ఇంకింది.

మూడు రోజుల్లో గోంగూర వాడిపోయింది. మామ్మగారు ఏమీ అనలేదు. తిడితే సుఖంగా ఉండేది. నాలుగోరోజు నేనే వెళ్ళి నిలబడితే, "మా తాత సిరియం నూని కార్ఖానాలో చేసినాడు బాబూ. నూని వాసన మాకు కొత్తేటి? గోంగూర మళ్ళీ వేసుకుంటాను. ఆ చెట్టు ఒక్కటీ పోకుండా చూడు," అన్నారు. సిరియం అంటే నదికి అవతలి ఒడ్డు, ఇప్పటి తన్లిన్. 1942 మార్చిలో జపాన్ వాళ్ళొస్తున్నారని బ్రిటిష్ వాళ్ళు ఆ రిఫైనరీని తామే తగలబెట్టి పోయారు. ఆ పొగ కథ ఆవిడ వాళ్ళమ్మ దగ్గర వినీ వినీ, తనే చూసినట్టు చెప్పేవారు.

నేనేం చేశానంటే, ఇంజనీరుని కదా, గూగుల్ చేశాను. "నూనెను తినే బాక్టీరియా" అని కొట్టగానే బోలెడు. నాకు బాగా నచ్చినది ఆనంద్ మోహన్ చక్రవర్తి గారి కథ. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ, రకరకాల హైడ్రోకార్బన్లని అరిగించుకునే జన్యువుల్ని ఒకే సూడోమోనాస్ బాక్టీరియాలోకి చేర్చారాయన. బతికున్న జీవికి పేటెంటేమిటని పెద్ద గొడవై, 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఇంకేం, సమస్య తీరిందనుకున్నాను. (ఆ బాక్టీరియాని ఏ నూనె తెట్టు మీదా వాడలేదన్న సంగతి పేజీ కింద ఉంటుంది. అక్కడిదాకా ఎవడు చదువుతాడు?)

బజార్లో ఒక కొట్టతను సూక్ష్మజీవుల ద్రావణం సీసా అమ్మాడు. బెల్లం నీళ్ళలో కలిపి రెండ్రోజులు నానబెట్టి పొయ్యమన్నాడు. మామ్మగారు తన తాటిబెల్లం రెండు కిలోలు ఇచ్చారు. పోశాను. మడి నురగలు కక్కింది! పుల్లటి వాసన వచ్చింది. పని జరుగుతోందని మురిసిపోయి ఇంకో విడత పోశాను. రెండు వారాలయ్యాక పుల్ల వాసన పోయింది, డీజిల్ వాసన మాత్రం అలాగే ఉంది. పైగా మట్టి నల్లబడి కుళ్ళిన గుడ్ల కంపు మొదలైంది. కరివేపాకు చెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టింది.

అప్పుడు చెల్లికి ఫోన్ చేశాను. అది వైజాగ్‌లో మైక్రోబయాలజీ చదివింది. ఇన్నాళ్ళూ దాన్ని అడగకపోవడానికి కారణం మీరు ఊహించగలరు.

అంతా విని అది అడిగిన మొదటి ప్రశ్న: "బోరు ఎంత దూరంలో ఉంది?"

సందు చివర బోరుంది. భవనమంతా స్నానాలు ఆ నీళ్ళతోనే. నేను చెట్టు గురించీ గోంగూర గురించీ తప్ప దాని గురించి ఆలోచించనేలేదు.

"వానాకాలం ఎప్పుడొస్తుంది అక్కడ?"

"ఇంకో వారంలో."

"అయితే థియరీ తర్వాత చెప్తాను, ముందు ఆ మట్టి తవ్వి పైకి తీయి. వాన పడితే డీజిల్ కిందికి దిగుతుంది."

తవ్వాను. మా భవనం వాచ్‌మన్ కుర్రాడూ నేనూ కలిసి, వాసన తగలని మట్టి కనిపించేదాకా, ఇంచుమించు ఒక అడుగు లోతు. చెట్టు వేళ్ళ దగ్గర మామ్మగారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, కూచుని తాపీతో తనే తీశారు. ఇరవై బకెట్ల పైన మట్టి. బోరు నీళ్ళు గాజు గ్లాసుల్లో పట్టి వెలుతురుకి పెట్టి చూశాం. పైన రంగుల పొర లేదు, వాసనా లేదు. అయినా ఆ నెల్లాళ్ళూ ఆ నీళ్ళు పుక్కిలించొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. ప్రతి గుమ్మం దగ్గరా అదే కథ, అదే క్యాను. ఆరు అంతస్తులు.

ఆ రాత్రి చెల్లి థియరీ చెప్పింది. నాకు అర్థమైనంతలో ఇదీ.

బాక్టీరియాకి కార్బన్ కావాలి, ఒళ్ళు పెంచుకోడానికీ, శక్తికీ. కానీ ఏ కార్బన్ దొరికితే అది తినేయదు, వరస ఉంటుంది. దీన్ని స్పష్టంగా పట్టుకున్నవాడు జాక్ మొనో. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో, 1941లో డాక్టరేట్ ముగించాడు. ఈ.కోలై బాక్టీరియాకి రెండు చక్కెరలు, గ్లూకోజ్, లాక్టోజ్ కలిపి పెట్టాడు. రెండూ కలిపి తింటుందనుకుంటాం కదా? అది ముందు గ్లూకోజ్ అంతా తినేసింది. తర్వాత ఎదుగుదల కాసేపు ఆగిపోయింది. ఆ విరామంలో లాక్టోజ్‌ని విరిచే ఎంజైములు తయారుచేసుకుని, అప్పుడు రెండోసారి పెరగడం మొదలుపెట్టింది. గ్రాఫు గీస్తే మధ్యలో చదును ఉన్న మెట్టులా వస్తుంది. ఆ మెట్టు ఎందుకొచ్చిందని వెంటపడి వెంటపడి, ఇరవై ఏళ్ళ తర్వాత 1961లో ఫ్రాన్స్వా జాకబ్‌తో కలిసి, జన్యువులు ఆన్ ఆఫ్ ఎలా అవుతాయో చెప్పాడు. 1965లో నోబెల్ వచ్చింది.

నాకు ఇది వినగానే ఒళ్ళు జలదరించింది. అది అచ్చంగా ఇఫ్ కండిషన్. లాక్టోజ్ ఉండాలి, గ్లూకోజ్ ఉండకూడదు. రెండూ నిజమైతేనే ఆ కోడు గట్టిగా రన్ అవుతుంది. లేకపోతే ఎంజైము తయారీ ఖర్చు దండగ. మా టీములో ఇంత పొదుపుగా కోడు రాసినవాణ్ణి నేను చూడలేదు.

"సూడోమోనాస్ వరస ఇంకోలా ఉంటుందిలే," అంది చెల్లి. "దానికి గ్లూకోజ్ కంటే సక్సినేట్ లాంటి ఆమ్లాలు ముందు. ఎవరి రుచి వాళ్ళది. కానీ ఎవరి వరసలో చూసినా డీజిల్ చివరే. ఇప్పుడు చెప్పు, నువ్వు ఆ మట్టికి ఏం పెట్టావు?"

"బెల్లం."

"పెళ్ళి భోజనంలో బూరెలు వడ్డించి, కాకరకాయ ఎందుకు మిగిలిందని అడిగినట్టుంది."

అదొక్కటే కాదట. నా సీసాలో ఉన్నవి చాలావరకు పెరుగులో ఉండే జాతివీ, ఈస్టూను. వాటికి డీజిల్ జోలే తెలీదు. అవి బెల్లం తింటూ మట్టిలో ఉన్న ఆక్సిజన్ అంతా ఊదేశాయి, ఉన్న కాస్త నత్రజనినీ తమ ఒంట్లో దాచేసుకున్నాయి. ఆక్సిజన్ పోయాక సల్ఫేట్‌ని వాడుకుని బతికే మరో రకం బాక్టీరియా లేచింది. నల్లమట్టీ, కుళ్ళిన గుడ్ల కంపూ దాని నిర్వాకమే. ఇక డీజిల్ తినగలిగేవి ఉన్నా, ఏం చేస్తాయి? వాటికి ఆక్సిజన్ ఊపిరికి మాత్రమే కాదు, పనిముట్టుగా కావాలి. డీజిల్ అంటే కార్బన్, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ లేని పొడుగాటి గొలుసులు, పట్టుకోడానికి ఎక్కడా కొక్కెం ఉండదు. బాక్టీరియా చేసే మొదటి పని, గాల్లోంచి తీసిన ఒక ఆక్సిజన్ పరమాణువుని గొలుసు కొసన తగిలించడం. అది తగిలాక ఆల్కహాల్ అవుతుంది, అక్కణ్ణించి కొవ్వు ఆమ్లం అవుతుంది. కొవ్వు ఆమ్లమయ్యాక ఇంకేముంది, మనం తిన్న పల్లీనూనె మన ఒంట్లో ఎలా అరుగుతుందో అలాగే, రెండేసి కార్బన్లు తెంపుకుంటూ పోవడమే. చివరికి నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్, కొన్ని కొత్త బాక్టీరియాలు. ఆ తెంపినదానికి వచ్చే కూలి డబ్బులే ఏటీపీ. 1929లో దాన్ని కనుక్కున్నవాళ్ళలో ఒకాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇది చెల్లి చెప్పలేదు, నాకే గుర్తొచ్చింది.

బెంజీన్ లాంటి ఉంగరాలది ఇంకో దారి. రెండు ఆక్సిజన్లు తగిలించి, ఉంగరాన్ని తెరిచి, అప్పుడు అదే వంటింట్లోకి తీసుకొస్తాయి. గొలుసైనా ఉంగరమైనా గాలి లేకపోతే పని నత్తనడకే.

"సరే, ఆ తినేవాటిని ఎక్కడ కొనాలి?"

"కొనక్కర్లేదన్నయ్యా. ఆ చెట్టు ఆకు పట్టుకుని చూడు, నిగనిగలాడుతుందా?"

"ఆఁ."

"అది మైనం. ఆకుల మీద మైనంలో ఉన్నవీ డీజిల్‌లో ఉన్నలాంటి గొలుసులే, ఇంకా పొడుగైనవి. ఆకు రాలిన ప్రతి చోటా వాటిని తినే బాక్టీరియా కోట్ల ఏళ్ళుగా ఉంది. మీ మామ్మగారి చెట్టు కింద లేకుండా పోతుందా? ఉన్నవాటికి గాలీ, తడీ, నత్రజనీ, కాస్త భాస్వరం ఇవ్వు, చాలు. 1989లో అలాస్కాలో ఓడ పగిలి తీరమంతా నూనె పట్టినప్పుడు చేసిందీ ఇదే. అప్పుడు చల్లింది ఎరువు. బెల్లం కాదు."

దాన్ని నమ్మి లెక్క వేశాను. మట్టిలో మిగిలిన డీజిల్ ఏడు లీటర్లనుకుంటే అందులో కార్బన్ అయిదు కిలోలు. వంద పాళ్ళ కార్బన్‌కి పది పాళ్ళ నత్రజని, ఒక పాలు భాస్వరం అనేది వాడుకలో ఉన్న లెక్కట. అంటే అర కిలో నత్రజని, కిలో పైచిలుకు యూరియా. అంతా ఒకేసారి వేస్తే ఉన్నవి కూడా చస్తాయని, నాలుగు విడతలన్నది. సందులో టార్పాలిన్ పరిచి, మట్టిని జానెడు మందాన పోసి, ఊక కలిపి, పైన రేకు కప్పు వేశాం. వారానికి రెండుసార్లు తిరగెయ్యాలి. పిండితే నీళ్ళు కారకూడదు, పట్టుకుంటే పొడి రాలకూడదు, పెసరట్టు పిండి కంటే గట్టి, చలిమిడి కంటే పొడి అని మామ్మగారి కొలత.

వానాకాలమంతా నా శనివారాలూ బుధవారాలూ ఆ మట్టికే పోయాయి. అలాస్కా వాళ్ళకి ఒక తీరం, నాకొక టార్పాలిన్. అక్కడ కూడా, ఎరువు చల్లిన పదేళ్ళ తర్వాత చూస్తే గులకరాళ్ళ కింద, గాలి చేరని చోట, నూనె తాజాగా ఉండిపోయిందట. ఆ సంగతి చదివాక పార పట్టుకుంటే బద్ధకం వేసేది కాదు. ఒక్కోసారి తిరగేస్తున్నప్పుడు లోపలి మట్టి గోరువెచ్చగా తగిలేది. బాక్టీరియా తింటోందనడానికి నా చేతికి తెలిసిన సాక్ష్యం అదొక్కటే.

డ్రైనులోకి పోయిన సగం సంగతి కూడా చెప్పాలి. వాన నీటి కాలవ నేరుగా నదిలోకే. పట్నం నడిబొడ్డున మరుగుదొడ్ల మురుగుకి వేరే గొట్టాలున్నాయి, 1880ల చివర్లో బ్రిటిష్ వాళ్ళు వేసినవి. గాలి ఒత్తిడితో నెట్టే ఆ పద్ధతి నలభై వేల మంది కోసం కట్టినదట. ఆ మురుగు కూడా 2005లో బొటటౌంగ్‌లో శుద్ధి ప్లాంటు వచ్చేదాకా నదిలోకే పోయేది. అక్కడి ట్యాంకుల్లో జరిగేదీ మా టార్పాలిన్ మీద జరిగేదే, గాలి కొట్టి బాక్టీరియాకి తిండి అరిగేలా చెయ్యడం. నా సగం క్యాను మాత్రం ఆ దారిన పోలేదు. దానికి నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

సెప్టెంబరు చివర్లో మామ్మగారు ఒక గుప్పెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, నాకూ పెట్టారు. మట్టి వాసన! తొలకరి పడ్డప్పుడు వచ్చేది. అదీ ఒక రకం బాక్టీరియా వదిలే వాసనేట, జియోస్మిన్ అంటారు. గ్లాసు నీళ్ళలో వేసి కలిపితే రంగుల పొర దాదాపు లేదు. పొంగిపోయి చెల్లికి చెప్పాను.

"పోల్చడానికి ఒక బకెట్టు పక్కన పెట్టమన్నాను, పెట్టావా?"

పెట్టాను. యూరియా వెయ్యకుండా, తిరగెయ్యకుండా, మెట్ల కింద. మూత తీస్తే గుప్పుమంది.

"మూత పెట్టావా!" అని అది అరగంట నవ్వింది. మూత పెడితే ఆవిరయ్యేది కూడా ఆవిరవదు కదా, ఇహ పోలికేముంది? టార్పాలిన్ మీది డీజిల్‌లో ఎంత గాల్లో కలిసిందో, ఎంత బాక్టీరియా తిన్నదో ఎవరికీ తెలీదు. అయిదు నెలల నా పరిశోధన విలువ అంతే. బాక్టీరియా తినలేదని కాదు, తిన్నదని నేను రుజువు చెయ్యలేను.

ఆ మట్టిని మళ్ళీ మడిలో పోశాం. తినే మొక్కలు వెయ్యొద్దని చెల్లి గట్టిగా చెప్పింది, కాబట్టి మామ్మగారు బంతి నారు పోశారు. గోంగూర కుండీల్లోకి మారింది. కరివేపాకు చెట్టు పైభాగం ఎండిపోయింది. నరికేద్దామని వాచ్‌మన్ కుర్రాడు కత్తి పట్టుకొస్తే ఆవిడ పడనివ్వలేదు. నవంబరులో, మొదలుకి మూరెడు దూరంలో, వేరు నుంచి రెండు పిలకలు లేచాయి. డిసెంబరులో నేను వచ్చేసే నాటికి అవి నా మోకాలి ఎత్తు.

తర్వాత కోవిడ్, తర్వాత 2021 ఫిబ్రవరిలో సైనిక పాలన. ఫోన్లు కలిసేవి, కలిసేవి కావు. 2025 మార్చి 28న భూకంపం వచ్చిందనగానే చేశాను. మండలే అంత దెబ్బ యాంగోన్‌కి తగల్లేదు గానీ చేసేదాకా మనసు ఆగలేదు. మామ్మగారే ఎత్తారు. ఇల్లు బానే ఉంది, కళ్ళే సరిగా కనబడ్డం లేదన్నారు. కరెంటు గురించి అడిగితే, "నువ్వున్నప్పుడు కరెంటు పోయేది బాబూ. ఇప్పుడు అప్పుడప్పుడూ వస్తాది," అన్నారు. ఇప్పుడు ఇంటికో జనరేటరట, సందు నిండా క్యాన్లేనట.

"చెట్టు దగ్గర కూడానా?" అన్నాను.

"చెట్టు దగ్గరేటి, ఎక్కడైనా సరే. ప్రతీ మిసను కింద ఇసక పోసిన రేకు తట్ట ఉండాల. నేనే కొనిపించినాను. పెట్టనోడి తాడు క్లిప్పు పీకేస్తాను, టిపిను కోసం ఆరంతస్తులూ దిగొస్తాడు."